నిద్రమాత్ర వేసుకున్న మర్నాడు తూలడం, మరుపు, నిద్రలో నడక: మీ అమ్మగారి విషయంలో నా సమాధానం

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ అమ్మగారికి 68 ఏళ్లు. నిద్ర పట్టడం లేదని వైద్యుడు రాసిచ్చిన జోల్పిడెమ్ 10 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు నెలలుగా రోజూ రాత్రి వేసుకుంటున్నారు. కొన్ని వారాలుగా పొద్దున లేవగానే తూలుతున్నారు, రాత్రి పడుకునే ముందు ఎవరితో ఏం మాట్లాడారో గుర్తుండటం లేదు. పోయిన వారం ఒక అర్ధరాత్రి పొయ్యి వెలిగించి, దాని మీద ఖాళీ గిన్నె పెట్టి నిలబడి ఉన్నారు. పిలిస్తే పలికారు గానీ తెల్లవారాక అదేమీ ఎరగనన్నారు. ఇది వయసుతో వచ్చిన మతిమరుపా, మాత్ర ప్రభావమా, మాత్రను ఇవాళే మానిపించవచ్చా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. మీరు వర్ణించిన మూడు లక్షణాలూ ఈ మాత్రకు బాగా తెలిసిన దుష్ప్రభావాలే. వయసు వాటికి తోడై ఉండవచ్చు. అయినా మాత్ర మొదలుపెట్టాక వచ్చిన మార్పుకు ముందుగా మాత్రనే అనుమానించాలి. నిద్రలో లేచి పొయ్యి వెలిగించడం లాంటిది ఒక్కసారి జరిగినా ఆ మందును ఆపివేయాలి, మళ్లీ ఎప్పుడూ ఇవ్వకూడదు. కాబట్టి మళ్లీ చూపించుకోవలసిన తేదీ వచ్చేదాకా ఆగకండి. ఈ రాత్రి మాత్ర వేసుకునే వేళకు ముందే, రాసిచ్చిన వైద్యుడితో ఫోనులోనైనా మాట్లాడి, జరిగినది జరిగినట్టు చెప్పండి. నాలుగు నెలలు రోజూ వాడిన మందు గనుక, ఎలా ఆపాలో, ఆపాక ఏం గమనించాలో ఆయన చెప్పాలి.

నేను 20 ఏళ్లకు పైగా వృద్ధులకు వైద్యం చేస్తున్నాను. నిద్రమాత్ర వల్ల ఇబ్బందిగా ఉందని చెప్పుకుంటూ నా దగ్గరకు వచ్చినవారు చాలా తక్కువ. కాళ్లలో బలం లేదనీ, మతి తప్పుతోందనీ, పొద్దంతా తల మబ్బుగా ఉంటోందనీ వస్తారు. ఏ ఏ మందులు వాడుతున్నారని అడిగితే బీపీ మాత్ర, షుగరు మాత్ర పేర్లు గడగడా చెబుతారు గానీ నిద్రమాత్ర ఊసెత్తరు. అందుకే మందుల సంచీని బల్ల మీద బోర్లించమంటాను. చాలాసార్లు అన్నిటికన్నా అడుగున, అంచులు నలిగి, ఒకటో రెండో మాత్రలు మిగిలిన స్ట్రిప్ కనిపిస్తుంది. "అది నిద్రకు లెండి" అంటారు. వచ్చిన ఇబ్బందికి మూలం ఎన్నోసార్లు అక్కడే దొరికింది.

ఇది ఎలా జరుగుతుందో కాస్త చెప్పాలి. మెదడులో నాడీకణాల చురుకును తగ్గించే రసాయనం ఒకటుంది, దాని పేరు గాబా. డయజెపామ్, అల్ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్ వంటి బెంజోడయజెపైన్లూ, వాటి తర్వాత వచ్చిన జోల్పిడెమ్, జోపిక్లోన్, ఎస్జోపిక్లోన్ వంటి మందులూ ఈ గాబా పనిని పెంచి నిద్ర తెప్పిస్తాయి. అయితే గాబా నిద్ర ఒక్కదాన్నే చూసుకోదు. నడకలో ఒంటి తూకం, కొత్త జ్ఞాపకం మెదడులో నాటుకోవడం, కండరాల బిగువు, ఊపిరి లయ, వీటన్నిటిలోనూ దానికి పాత్ర ఉంది. మాత్ర రక్తంలో ఉన్నంతసేపూ ఇవన్నీ మందగిస్తాయి. మంచం మీద పడుకుని ఉన్నప్పుడు ఆ మందగింపు ఎవరికీ కనిపించదు. లేచి అడుగు వేసినప్పుడే కనిపిస్తుంది.

అందుచేత ఏ మాత్ర గురించైనా మొదట అడగవలసినది అది ఒంట్లో ఎన్ని గంటలు ఉంటుందన్నది. జోల్పిడెమ్ మోతాదులో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 2 నుంచి 3 గంటలు పడుతుంది, పెద్దవారిలో ఇంకొంచెం ఎక్కువ. జోపిక్లోన్‌కు సుమారు 5 గంటలు, అల్ప్రజోలామ్‌కు సుమారు 11 గంటలు, క్లోనజెపామ్‌కు 30 గంటలు దాటుతుంది. డయజెపామ్ అయితే కాలేయంలో మరొక చురుకైన పదార్థంగా మారి రోజుల తరబడి నిలిచి ఉంటుంది. నిన్నటి మాత్ర పూర్తిగా పోకముందే ఇవాళ్టిది తోడవుతుంది, రేపు ఇంకొకటి. మొదటి వారం ఏమీ అనిపించనివారికి మూడో వారంలో మాట ముద్దగా రావడం, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు పట్టడం ఇందువల్లనే.

జోల్పిడెమ్ త్వరగా పోయే మందే కదా, మరి పొద్దున తూలడమెందుకు అని మీకు సందేహం రావచ్చు. దీనికి సరైన జవాబు 2013లో దొరికింది. 10 మిల్లీగ్రాములు వేసుకున్న 8 గంటల తర్వాత కూడా సుమారు 15 శాతం మంది ఆడవారిలో, 3 శాతం మంది మగవారిలో, వాహనం నడపడం ప్రమాదకరమయ్యేంత మందు రక్తంలో మిగిలి ఉంటోందని తేలింది. ఆడవారి ఒంట్లోంచి ఇది నెమ్మదిగా పోతుంది. అమెరికాలో మందులను ఆమోదించి నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఆ సంవత్సరం జనవరిలోనే ఆడవారికి సిఫారసు మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. వృద్ధుల విషయంలో ఆడ, మగ తేడా లేకుండా ముందునుంచీ 5 మిల్లీగ్రాములే సిఫారసు. అంటే మీ అమ్మగారు వయసును బట్టి చూసినా, ఆడవారు గనుక చూసినా, వేసుకోవలసిన దానికి రెట్టింపు వేసుకుంటున్నారు. ఇది రాసిచ్చిన వైద్యుణ్ణి తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఈ సంగతి ఆయనతో మాట్లాడేటప్పుడు మీ నోట రావాలని చెబుతున్నాను.

తూలడాన్ని మీరు మూడు లక్షణాల్లో చిన్నదిగా రాశారు. నాకు మాత్రం అన్నిటికన్నా భయం దాని గురించే. పెద్ద వయసులో పడిపోవడమంటే తుంటి ఎముక విరగడం, ఆపరేషన్, నెలల తరబడి మంచం, ఆ తర్వాత మునుపటి నడక తిరిగి రాకపోవడం. 70 దాటిన ఒకావిడను రెండేళ్ల కిందట చూశాను. కూర్చున్న కుర్చీలోంచి లేవమన్నాను. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, ఒకసారి లేవబోయి మళ్లీ కూర్చుని, రెండోసారి లేచి, అడుగు వేసే ముందు గోడ ఎక్కడుందో చేత్తో వెతుక్కున్నారు. కుడి ముంజేతి మీద పసుపుపచ్చకు తిరిగిన కమిలిన మచ్చ, దాని పక్కనే ఇంకా నీలంగా ఉన్న మరొకటి. రెండు మచ్చలూ రెండు వేరువేరు రోజుల దెబ్బలన్నమాట. స్నానాలగది తలుపుకు తగిలిందని ఆవిడ చెప్పారు. రెండుసార్లూ రాత్రి రెండు మూడు గంటల మధ్య మూత్రానికి లేచినప్పుడే. పదకొండుకు వేసుకున్న నిద్రమాత్ర బలంగా పనిచేస్తున్న వేళ అది. నరాల బలహీనతకని అప్పటికి మూడు రకాల మందులు వాడి ఉన్నారు. మాత్రను ఆరు వారాల్లో క్రమంగా తగ్గించి ఆపాక, ఆ నడక ఎంత మారిందంటే, వెంట వచ్చిన కోడలు ఆవిడ నా గదిలోకి ఒంటరిగా నడిచి వచ్చేదాకా కావాలనే బయట ఆగి చూసింది.

60 దాటినవారి మీద జరిగిన పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నిద్రమాత్రల వల్ల ఒకరికి నిద్ర మెరుగుపడాలంటే 13 మందికి ఇవ్వవలసి ఉండగా, ఒకరికి కీడు జరగడానికి 6 మందికి ఇస్తే చాలునని అందులో తేలింది. వృద్ధుల వైద్యుల సంఘమైన అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ వారు వృద్ధులకు ఇవ్వకుండా ఉండదగిన మందుల జాబితాలో బెంజోడయజెపైన్లనూ, జోల్పిడెమ్ తరహా మందులనూ చేర్చడానికి కారణం ఇలాంటి లెక్కలే.

ఇక అర్ధరాత్రి పొయ్యి సంగతి. ఈ తరహా మందుల మీద కొందరు పూర్తిగా మేలుకోకుండానే లేచి నడుస్తారు, తింటారు, ఫోనులో మాట్లాడతారు, వాహనం కూడా నడుపుతారు. చూసేవారికి మెలకువగా ఉన్నట్టే కనిపిస్తారు, పిలిస్తే పలుకుతారు, తెల్లవారాక మాత్రం ఒక్క ముక్క గుర్తుండదు. తీవ్రమైన గాయాలు, మరణాలు కూడా నమోదు కావడంతో 2019 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ జోల్పిడెమ్, ఎస్జోపిక్లోన్, జాలెప్లాన్ మందుల మీద తన దగ్గరున్న అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరికను వేయించింది. తక్కువ మోతాదులోనూ, మొదటి మాత్రతోనూ ఇలా జరగవచ్చు. అంతకుముందు ఎన్నడూ నిద్రలో నడవనివారికీ జరగవచ్చు. అందుచేత "ఇంకోసారి జరిగితే చూద్దాం" అనే వీలు ఇక్కడ లేదు. మోతాదు సగం చేసి అదే మందును కొనసాగించడం కూడా నేను ఒప్పుకోను.

మరుపు గురించి ఒక తేడా గమనించండి. మాత్ర వేసుకున్న తర్వాత, నిద్ర పట్టేలోపు జరిగినవి గుర్తుండకపోవడం మందు పని. ఆ గంటలో మెదడు కొత్త జ్ఞాపకాన్ని నాటుకోలేదు, నాటుకోనిది తర్వాత గుర్తు తెచ్చుకుందామన్నా రాదు. పగలు, మధ్యాహ్నం జరిగినవీ, తెలిసిన దారులూ, రోజూ చేసే పనుల వరుసా మరిచిపోతుంటే దానికి వేరే పరీక్షలు కావాలి. ఈ మందులను ఏళ్ల తరబడి వాడినవారిలో డిమెన్షియా, అంటే మతి క్రమంగా క్షీణించే జబ్బు, ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, ఆ సంబంధం లేదని మరికొన్ని చెప్పాయి. డిమెన్షియా పైకి తెలిసే ముందు వచ్చే నిద్రలేమికే మాత్ర వాడి ఉండవచ్చు కూడా. నా పద్ధతి ఇది: మాత్ర పూర్తిగా ఆపి కొన్ని వారాలు గడిచేదాకా జ్ఞాపకశక్తి పరీక్షల మీద తుది మాట చెప్పను. మత్తులో ఉన్న మెదడును పరీక్షించి, మతిమరుపు రోగమని పేరు పెట్టడం ఆ మనిషికి అన్యాయం.

మందును బట్టి ఇంకొన్ని తేడాలున్నాయి, త్వరగా చెబుతాను. జోపిక్లోన్, ఎస్జోపిక్లోన్ వేసుకున్నవారిలో కొందరికి మర్నాడు నోట్లో లోహపు చేదు ఉంటుంది; అది హాని కాదు గానీ తిండి మీద మనసు పోనివ్వదు. అలర్జీకి వాడే డైఫెన్‌హైడ్రమైన్ వంటి పాతతరం మందులను నిద్రకు వాడితే నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం బిగబట్టినట్టు కావడం, వృద్ధుల్లో అయోమయం వస్తాయి. డిప్రెషన్‌కు వాడే మిర్టాజపీన్‌తో ఆకలి, బరువు పెరుగుతాయి. 2014లో ఆమోదం పొందిన సువోరెక్సాంట్, తర్వాత వచ్చిన లెంబోరెక్సాంట్, డారిడోరెక్సాంట్ గాబా మీద కాక, మెలకువను నిలిపే ఒరెక్సిన్ మీద పనిచేస్తాయి. వాటితోనూ మర్నాటి మగత ఉంది, కొందరికి మెలకువ వచ్చినా కాసేపు ఒళ్లు కదపలేని స్థితి వస్తుంది.

ఊపిరి, మద్యం, ఇతర మందులు. ఒక్క నిద్రమాత్రతో ఊపిరి ఆగిపోవడం మామూలుగా జరగదు. మద్యంతోనో, ట్రమడాల్, మార్ఫిన్, కోడీన్ వంటి ఓపియాయిడ్ నొప్పి మందులతోనో కలిస్తే ఆగవచ్చు. మీ అమ్మగారు మోకాళ్ల నొప్పికి ఏదైనా వాడుతుంటే ఆ స్ట్రిప్ మీది పేరు చూడండి. మందుల మధ్య ఇంకో తరహా పేచీ కూడా ఉంది. అల్ప్రజోలామ్‌ను ఏళ్లుగా వాడుతున్న ఒకాయనకు ఛాతీ ఇన్‌ఫెక్షన్‌కు వేరొకచోట క్లారిత్రోమైసిన్ ఇచ్చారు. మూడో రోజు పొద్దున ఎంత లేపినా కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటున్నారని ఇంట్లోవారు పక్షవాతమని భయపడి తీసుకువచ్చారు. అది పక్షవాతం కాదు. అల్ప్రజోలామ్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును క్లారిత్రోమైసిన్ అడ్డుకోవడంతో, వేసుకుంటున్నది అదే మోతాదైనా రక్తంలో పేరుకుపోయింది. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ కూడా ఇదే పని చేస్తాయి. కొత్త మందు ఎవరు రాసినా నిద్రమాత్ర సంగతి ముందే చెప్పమని నేను పట్టుబట్టేది ఇందుకే.

గురక సంగతి కూడా ఇక్కడే అడుగుతాను. మీ అమ్మగారు గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి పీలుస్తారా? అలాగైతే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. రాత్రి పదేపదే మెలకువ రావడమే నిద్రలేమిగా కనిపిస్తుంది, దానికి గొంతు కండరాలను సడలించే నిద్రమాత్ర ఇస్తే రోగం ముదురుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలోని చివరి భాగం, ఒక్కసారిగా ఆపవచ్చా అన్నది. చాలామంది దుష్ప్రభావాల గురించి చదివి, అదే రాత్రి స్ట్రిప్‌ను చెత్తబుట్టలో వేస్తారు. అది ప్రమాదం. రోజూ వాడిన మెదడు ఆ మందుకు తగ్గట్టు సర్దుకుని ఉంటుంది. మందు హఠాత్తుగా మాయమైతే అదుపు తప్పిన చురుకు బయటపడుతుంది. తేలికపాటిదైతే నాలుగైదు రాత్రులు మునుపటికన్నా ఘోరంగా నిద్ర పట్టకపోవడం. చాలామంది దీన్నే "మాత్ర లేకపోతే నాకు నిద్రే రాదు" అనడానికి రుజువుగా తీసుకుని మళ్లీ మొదలుపెడతారు. అది మందు వదిలేటప్పటి తిరుగుదెబ్బ మాత్రమేనని వారికి ఎవరూ చెప్పి ఉండరు. తీవ్రమైనదైతే చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, భ్రమలు, మూర్ఛ. ఒకటిన్నర ఏడాది అల్ప్రజోలామ్ ఎక్కువ మోతాదులో వాడి, పట్టుదలతో ఒక్క రోజులో మానేసిన ఒక యువకుణ్ణి మూడో రోజు ఫిట్స్‌తో చూశాను. మానాలన్న అతని నిర్ణయం మంచిదే, దారి చెప్పేవారు లేకపోయారు.

బెంజోడయజెపైన్లను ఏళ్ల తరబడి వాడినవారికి నేను రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, అప్పటి మోతాదులో 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గిస్తాను. మోతాదు చిన్నదయ్యేకొద్దీ ఇంకా నెమ్మదిగా వెళ్లాలి, ఎందుకంటే చివరి మెట్టే అందరికీ కష్టం. నెలలు పట్టినా పరవాలేదు. మీ అమ్మగారి విషయం ఇంతకన్నా తేలిక: మందు జోల్పిడెమ్, మోతాదు 10 మిల్లీగ్రాములు, కాలం నాలుగు నెలలు. ఈ స్థాయిలో మూర్ఛ రావడం అరుదు, తిరుగుదెబ్బ నిద్రలేమి మాత్రం ఉండవచ్చు. నిద్రలో నడక జరిగింది గనుక వైద్యుడు వెంటనే ఆపమని చెప్పే అవకాశమే ఎక్కువ. మీరు చెప్పినదానికన్నా ఎక్కువ మాత్రలు ఆమె వేసుకుంటున్నారేమో, దాంతోపాటు అల్ప్రజోలామ్‌లాంటిది ఇంకేదైనా ఉందేమో నిక్కచ్చిగా తెలుసుకుని చెప్పండి, ఆపే పద్ధతి దాన్నిబట్టి మారుతుంది.

మాత్ర లేకుండా నిద్ర ఎలా అంటే, దానికి మందుకన్నా నిలకడైన చికిత్స ఉంది. నిద్రలేమికి చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీనే, అంటే నిద్ర అలవాట్లనూ నిద్ర గురించిన ఆలోచనలనూ మార్చే మందులేని చికిత్సనే, మొదటి చికిత్సగా ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సిఫారసు చేసింది. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రాత్రి ఎలా గడిచినా పొద్దున లేచే వేళ మారకూడదు. నిజంగా ఎన్ని గంటలు నిద్రపోతున్నారో రెండు వారాలు రాసి, మంచం మీద గడిపే కాలాన్ని దాదాపు అంతకే కుదిస్తారు, నిద్ర చిక్కబడేకొద్దీ మళ్లీ పెంచుతారు. పెద్దవారిలో మంచం మీది కాలాన్ని మరీ కుదిస్తే మళ్లీ తూలడం మొదలవుతుంది కాబట్టి నేను ఐదున్నర గంటలకు తగ్గనివ్వను. పడుకున్నా నిద్ర రాకపోతే లేచి మరో గదిలో కూర్చోవాలి. ఎనిమిది గంటల నిద్ర పట్టి తీరాలన్న పట్టుదలను మెల్లగా వదిలించాలి, 68 ఏళ్ల మనిషికి ఆరున్నర గంటలు చాలినంత నిద్రే కావచ్చు. వీటన్నిటికన్నా ముందు, నాలుగు నెలల కిందట ఆమెకు నిద్ర ఎందుకు పట్టలేదన్నది మీ లేఖలో ఎక్కడా లేదు. నొప్పా, దిగులా, మూత్రానికి లేవడమా, కాళ్లు లాగడమా, థైరాయిడా? కారణం కదలకుండా ఉంటే మాత్ర పోయిన చోటికి ఇంకో మాత్ర వస్తుంది.

వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి: మాత్ర వేసుకునే సమయం, నిద్ర పట్టిన సమయం, రాత్రి ఎన్నిసార్లు లేచారు, పడ్డారా, పగలు ఎప్పుడు కునుకు పట్టింది. ఆమె వాడే మందులన్నీ సంచీతో సహా పట్టుకెళ్లండి. లేపినా లేవకపోవడం, ఊపిరి మందగించడం, పెదవులు నీలమవడం, మూర్ఛ, పడి తలకు దెబ్బ తగలడం, వీటిలో ఏది కనిపించినా వేచి ఉండకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.

అప్పటిదాకా మంచానికీ స్నానాలగదికీ మధ్య చిన్న దీపం వెలుగుతూ ఉండనివ్వండి, దారిలో కాలికి తగిలేవి తీసేయండి. పడుకునే ముందు పొయ్యికి వెళ్లే గ్యాస్ కట్టేయండి, బయటి తలుపు తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. ఇవన్నీ ఆమెకు చెప్పే చేయండి. ఆ రాత్రి సంగతి విన్నప్పటి నుంచి ఆమె తన మతి మీద తానే నమ్మకం పోగొట్టుకుని ఉంటే, అది తాను చేసిన పని కాదనీ, మందు చేయించిన పని అనీ, ఆపితే ఆగిపోయే అవకాశమే ఎక్కువనీ మీరే పక్కన కూర్చుని చెప్పండి.